అమెరికాలో బీఎస్ మొదటి ఏడాది: ఇంగ్లిష్ కాంపోజిషన్ క్లాసు గట్టెక్కడం ఎలా

ఇంటర్లో నాకు ఇంగ్లిష్‌లో వందకు 96 వచ్చాయి. అమెరికాలో బీఎస్‌లో చేరిన మొదటి సెమిస్టర్లో, అదే ఇంగ్లిష్‌లో, మొదటి వ్యాసానికి డి ప్లస్ వచ్చింది. "ఆదికాలం నుంచీ మానవుడు..." అంటూ మొదలుపెట్టాను. ప్రొఫెసర్ ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి పక్కన ఒక్క ప్రశ్న రాశారు: "ఈ సంగతి నీకెలా తెలుసు?" నాకేం తెలుసు? గైడులో అలాగే ఉండేది.

తర్వాత రెండేళ్లు అదే కాలేజీ రైటింగ్ సెంటర్లో, అంటే విద్యార్థుల రాతకు సాయం చేసే చోట, ట్యూటర్‌గా పనిచేశాను. మనవాళ్లు చాలామంది వచ్చేవాళ్లు. వాళ్లలో ఇంగ్లిష్ రాక ఇబ్బంది పడినవాళ్లు తక్కువ. మన పరీక్షల్లో చివరికి రాసి ఇచ్చిన కాగితానికే మార్కులు. ఈ క్లాసులో ఆ కాగితం దాకా ఏ దారిలో వచ్చారో కూడా చూస్తారు. డ్రాఫ్టులు, అటెండెన్స్, సైటేషన్లు (ఏ మాట ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పడం), ఏఐ గురించి పెట్టే రూల్స్ చాలావరకు అందుకోసమే. ఇది తెలియక మొదటి నెల వృథా చేసుకునేవాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకు ఈ కోర్సు ఉండదు కానీ కాపీ గురించి చెప్పిన భాగం మాత్రం చదవండి.

రిజిస్టర్ అయ్యే ముందు

కోర్సు పేరు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో చాలాచోట్ల ఇంగ్లిష్ 1301, ఆ తర్వాత 1302. జార్జియాలో 1101, 1102. పేరు ఏదైనా సాధారణంగా రెండు సెమిస్టర్లు, ఒక్కోదానికి మూడు క్రెడిట్లు. కంప్యూటర్ సైన్స్‌వాళ్లు దీన్ని మూడో ఏడాదికి నెట్టేద్దామని చూస్తారు. వద్దు, మొదటి సెమిస్టర్లోనే తీసుకోండి. మిగతా క్లాసుల్లో రిపోర్టులు రాయాల్సి వచ్చినప్పుడు ఇక్కడ నేర్చుకున్నదే అక్కరకొస్తుంది.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు రెండు లెక్కలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, అండర్‌గ్రాడ్ విద్యార్థికి సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. రెండోది, ఆ ఫుల్‌టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ క్లాసు మాత్రమే వస్తుంది, అదీ మూడు క్రెడిట్ల వరకే. కాబట్టి ఈ క్లాసు ఆన్‌లైన్ సెక్షన్ తీసుకునే ముందు మిగతా క్లాసులేంటో చూసుకోండి. సెమిస్టర్ మధ్యలో "మార్కులు రావట్లేదు, డ్రాప్ చేసేద్దాం" అనిపించినా సరే, ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ వీసా సంగతులు చూసే అధికారితో (డీఎస్ఓ అంటారు) మాట్లాడకుండా ఆ బటన్ నొక్కకండి. 12 కంటే తగ్గితే అది మార్కుల సమస్యగా మిగలదు, వీసా స్టేటస్ సమస్య అవుతుంది.

ఏ స్థాయి క్లాసులో వేయాలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్టు రాయించి మిమ్మల్ని ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల సెక్షన్లో వేస్తే చిన్నతనంగా అనుకోకండి. నా రూమ్మేట్ అలాగే అలిగి, అడ్వైజర్‌ని బతిమాలి, మామూలు సెక్షన్‌కి మారి, చివరికి సి మైనస్‌తో బయటపడ్డాడు. అడగాల్సింది ఒక్కటే: ఈ సెక్షన్ క్రెడిట్లు డిగ్రీ లెక్కలోకి వస్తాయా, రావా?

సిలబస్ వచ్చిన రోజు

మన దగ్గర సిలబస్ అంటే పాఠాల జాబితా. అక్కడ సిలబస్ అంటే రూల్ బుక్. పది పేజీలున్నా పూర్తిగా చదవండి, ఫోన్లో కాదు, ప్రింటు తీసుకుని పెన్నుతో. గీతలు గీయాల్సినవి ఇవి: మార్కుల విభజన, లేట్ పాలసీ, అటెండెన్స్ పాలసీ, రివిజన్‌కి, అంటే వ్యాసం తిరగరాసి ఇవ్వడానికి, అవకాశం ఉందా లేదా, ఏఐ గురించి ఏమన్నారు, పాసవ్వడానికి కనీస గ్రేడ్ ఎంత. చాలా యూనివర్సిటీల్లో ఈ కోర్సుకు డి వస్తే సరిపోదు, సి కావాలి. లేకపోతే మళ్లీ చదవాలి, మళ్లీ ఫీజు కట్టాలి. ఆ ఫీజును రూపాయల్లోకి మార్చి చూసుకుంటే చాలు, సిలబస్ చదవడానికి ఓపిక అదే వస్తుంది.

మార్కుల విభజన దగ్గర కాసేపు ఆగండి. నేను చదివిన సెక్షన్లో పెద్ద వ్యాసాలకు 60 శాతం, మిగతా 40 శాతం చిన్న పనులకు: వారం వారం హోంవర్కు, డ్రాఫ్టులు, క్లాసులో మాట్లాడటం. హోంవర్కులు పది, అన్నిటికీ కలిపి 20 శాతం. మూడు వదిలేశాను, "ఒక్కోదానికి రెండు మార్కులేగా" అనుకుని. ఆ మూడింటికి ఆరు మార్కులు పోయాయి. 90 రావాల్సింది 84 అయింది, ఏ మైనస్ కాస్తా బి అయింది. మన అలవాటు చివరి నెలలో నైట్ అవుట్లు చేసి అందుకోవడం. ఇక్కడ చాలా సెక్షన్లలో అందుకోవడానికి ఫైనల్ పరీక్షే ఉండదు.

తర్వాత, ప్రతి డెడ్‌లైన్‌నూ ఫోన్ క్యాలెండర్లో ఎక్కించండి, రెండు రోజుల ముందు అలారంతో. పనులు అప్‌లోడ్ చేసే కాలేజీ వెబ్‌సైట్లో, అది కాన్వాస్ కానీ బ్లాక్‌బోర్డు కానీ, డెడ్‌లైన్ రాత్రి 11:59 అని ఉంటుంది. 11:58కి అప్‌లోడ్ చేసేవాడి వైఫై ఆ నిమిషంలోనే పోతుంది, అదేం శాపమో. లేట్ పాలసీ రోజుకు ఒక గ్రేడ్ కోత అని ఉంటే పన్నెండు గంటల ఒక నిమిషానికి ఇచ్చినా ఒక రోజు లేటే. ఫైల్ పెట్టాక ఒకసారి తెరిచి చూడండి. ఖాళీ ఫైలో, పర్మిషన్ ఇవ్వని గూగుల్ డాక్స్ లింకో పెడితే ఇవ్వనట్టే లెక్క.

క్లాసుకు వెళ్లడం

రైటింగ్ క్లాసులు కావాలనే చిన్నగా ఉంచుతారు. అమెరికాలో కాంపోజిషన్ టీచర్ల సంఘం సెక్షన్‌కు 20 మందిని మించొద్దని, 15 అయితే ఇంకా మంచిదని ఎప్పటి నుంచో చెబుతోంది. అన్ని కాలేజీలూ పాటిస్తాయని కాదు. కానీ పాతికమంది ఉన్నా మీరు రాలేదన్న సంగతి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ప్రాక్సీ అనే మాట అక్కడికి మోసుకెళ్లకండి. అది కూడా అకడమిక్ మోసం కిందే వస్తుంది.

మూడో నాలుగో ఆబ్సెంట్ల తర్వాత గ్రేడ్ తగ్గించే సెక్షన్లు చాలా ఉన్నాయి. వారానికి రెండు క్లాసులైతే మూడు ఆబ్సెంట్లంటే వారంన్నర. జ్వరం వస్తే క్లాసుకు ముందే మెయిల్ పెట్టండి, తర్వాత కాదు. డిసెంబర్లో అక్క పెళ్లికి టికెట్లు బుక్ చేసే ముందు ఫైనల్స్ వారం ఎప్పుడో చూడండి. "టికెట్ ముందే కొనేశాం ప్రొఫెసర్" అన్న కారణం దాదాపు ఎక్కడా చెల్లదు.

మెయిల్ రాయడం, పేరు చెప్పడం

"రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టకండి. "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అసలే వద్దు. వాళ్లకు అది పాతకాలపు ఆఫీసు అర్జీలా వినిపిస్తుంది. ప్రొఫెసర్ అని, పక్కన వాళ్ల ఇంటిపేరు, కామా, అంతే. రెండో వాక్యంలో మీరు ఏ సెక్షన్‌వారో చెప్పండి, మూడో వాక్యంలో అడగాల్సింది అడగండి. "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే మనకు ప్రశ్న ఉందని. వాళ్లకు మాత్రం మీరు చెప్పినదాన్ని నేను నమ్మట్లేదు అన్నట్టు తోస్తుంది. క్వశ్చన్ అనండి.

పేర్ల సంగతి ఇంకో తలనొప్పి. మనకు ఇంటిపేరు ముందు, పిలిచే పేరు తర్వాత. పాస్‌పోర్టులో ఏది సర్‌నేమ్ గడిలో పడిందో క్లాసు లిస్టులో అదే చివర వస్తుంది. కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, మొదటి పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. మొదటిరోజే ప్రొఫెసర్‌కు ఏమని పిలవాలో చెప్పేయండి. వ్యాసం పైన మాత్రం లిస్టులో ఉన్న పేరే రాయండి.

ఇంకొకటి, ఇది ఇంట్లో అమ్మానాన్నలకు చదివి వినిపించండి. కాలేజీలో చేరాక మీ మార్కుల రికార్డు మీది. 1974 నాటి ఎఫ్ఈఆర్‌పీఏ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా ప్రొఫెసర్ సాధారణంగా మీ నాన్నతో మీ గ్రేడ్ గురించి మాట్లాడరు. మామయ్య న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసినా అంతే.

వ్యాసం రాయడం

ముందు ప్రాంప్ట్‌లో, అంటే వ్యాసానికి ఇచ్చిన ప్రశ్నలో, క్రియను పట్టుకోండి. సమ్మరైజ్ అన్నారా, అనలైజ్ అన్నారా, ఆర్గ్యూ అన్నారా? మనవాళ్ల మొదటి వ్యాసాలకు మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే: విశ్లేషించమంటే సారాంశం రాస్తారు.

మొదటిది తరచుగా లిటరసీ నెరేటివ్ అవుతుంది, చదవడం రాయడంతో మీకున్న అనుభవం. బాసరలో జరిగిన అక్షరాభ్యాసం గురించి రాయాలనిపిస్తే రాయండి. కానీ "చదువు మనిషికి వెలుగు" అని మొదలుపెట్టొద్దు. పళ్లెంలో బియ్యం, వేలు పట్టుకుని దిద్దించిన చెయ్యి ఎవరిది, ఆ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుంది, ఆ రోజు ఏడ్చారా, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఒక్క పూటలో జరిగింది చాలు.

రెండోది రెటారికల్ అనాలిసిస్. ఒక ప్రకటననో ప్రసంగాన్నో తీసుకుని అది ఎదుటివాణ్ణి ఎలా ఒప్పిస్తోందో విప్పి చూపాలి. అరిస్టాటిల్ నాటి ఈథోస్, పేథోస్, లోగోస్ అనే మూడు మాటలు క్లాసులో రోజూ వినబడతాయి: చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, వాదంలోని తర్కం. మన పిల్లలు దీనికి ఏ అమెరికన్ కార్ల ప్రకటననో ఎంచుకుని నలిగిపోతారు. ఫలితాలొచ్చిన మర్నాడు మన పేపర్ల మొదటి పేజీ నిండా వచ్చే కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ప్రకటన ఉండగా ఇంకోటి ఎందుకు? టీవీలో గుక్క తిప్పుకోకుండా ఒకటి, ఒకటి, రెండు, మూడు అని చదివేస్తారే, అదే. దాన్ని ఎదురుగా పెట్టుకుని మీరే ప్రశ్నలు వేసుకోండి. ఫొటోలు తపాలా బిళ్లలంత ఎందుకున్నాయి? ఒక్కో ముఖం గుర్తుండాలనా, ఎంతమంది ఉన్నారో చూసి కళ్లు తిరగాలనా? హాల్ టికెట్ నంబరు ఎందుకు వేస్తారు? అది నిజమని ఎవరైనా చెక్ చేసుకోవచ్చన్న భరోసా కోసం, అంటే ఈథోస్. అంకెలన్నీ ఉన్నాయి, మరి లేని అంకె ఏది? ఆ కాలేజీ నుంచి మొత్తం ఎంతమంది పరీక్ష రాశారన్నది. లోగోస్‌లాగా కనబడుతూ అసలు లెక్కను దాచడం. ఇంతకీ ఇది ఎవరి కోసం? పిల్లాడి కోసమా, పక్కన కూర్చుని పేపరు చదువుతున్న నాన్న కోసమా?

ఇక్కడి నుంచి థీసిస్, అంటే వ్యాసమంతా నిలబెట్టాల్సిన ఒక్క వాక్యం వాదన, పుడుతుంది. "ర్యాంకుల ప్రకటనల వల్ల లాభాలూ నష్టాలూ ఉన్నాయి" అన్నది థీసిస్ కాదు, ఎవరూ కాదనని మాట. "ఈ ప్రకటన వందల అంకెలు చూపించి, తల్లిదండ్రులు అడగాల్సిన ఒక్క అంకెను మరిపిస్తుంది" అంటే థీసిస్, ఎందుకంటే బుద్ధున్నవాడు ఎవడైనా దాంతో వాదానికి దిగొచ్చు. నేను ట్యూటర్‌గా ఉన్నప్పుడు వాడిన పరీక్ష ఇదొక్కటే: మీ వాక్యం విని ఎవరైనా "అదేం కాదు" అనగలరా? అనలేకపోతే మళ్లీ రాయండి. ప్రొఫెసర్‌కు మన ప్రకటన పరిచయం ఉండదు కాబట్టి అదేంటో మొదట నాలుగు వాక్యాల్లో చెప్పాలి, అది మర్చిపోవద్దు.

చివరి పెద్ద వ్యాసం రీసెర్చ్ వాదన. దానికి ముందు అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ అడుగుతారు, అంటే చదివిన ఒక్కోదాని గురించి ఒక పేరా. విసుగు పుట్టించే పనే. లైబ్రేరియన్‌తో అరగంట అపాయింట్‌మెంట్ పెట్టుకుంటే సగం భారం తగ్గుతుంది, డబ్బులు అక్కర్లేదు.

డ్రాఫ్టులు, పీర్ రివ్యూ, రైటింగ్ సెంటర్

మొదటి డ్రాఫ్టు అందంగా ఉండక్కర్లేదు, కానీ ఉండాలి. సగం పేజీ తీసుకెళ్తే చాలాచోట్ల ఆ రోజు మార్కు సున్నా. పీర్ రివ్యూలో, అంటే తోటి విద్యార్థుల డ్రాఫ్టు చదివి కామెంట్లు రాసేటప్పుడు, మన మొహమాటం అడ్డొస్తుంది. "చాలా బాగుంది బ్రో" అని రాసిచ్చేస్తాం. ఆ కామెంటుకు కూడా మార్కులున్నాయి. ఇలా రాయండి: రెండో పేరాలో ఫలానా మాట అన్నారు, నాలుగో పేరాలో దానికి వ్యతిరేకంగా అనిపించింది, ఈ రెంటికీ లంకె అర్థం కాలేదు. తప్పు పట్టినట్టు ఉండదు, పనికొస్తుంది.

రివైజ్ చేయమంటే స్పెల్లింగులు దిద్దమని కాదు. పేరాలు అటూ ఇటూ మార్చడం, ఒక ఉదాహరణ తీసేయడం, థీసిస్‌నే మార్చడం. పాతదాన్నే నాలుగు కామాలు మార్చి ఇస్తే ప్రొఫెసర్‌కు ఇట్టే తెలిసిపోతుంది.

రైటింగ్ సెంటర్‌కు ప్రాంప్ట్, రూబ్రిక్ (దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక), డ్రాఫ్టు మూడూ తీసుకెళ్లండి. డెడ్‌లైన్ రోజు సాయంత్రం వచ్చి "గ్రామర్ సరిచేసి పెట్టండి" అనేవాళ్లను చూసి లోపల నవ్వుకునేవాళ్లం. ట్యూటర్లు సరిచేసి ఇవ్వరు, మీతోనే చేయిస్తారు. తెలుగు నుంచి వచ్చేవాళ్ల దగ్గర నేను పదేపదే చూసిన తప్పులు కొన్ని చెబుతాను. ఇంగ్లిష్‌లో "ఎ", "ద" అనేవి మనకు లేవు కాబట్టి ఎక్కడ పెట్టాలో తోచదు. "ఐ యామ్ హ్యావింగ్" అలవాటు మానదు. అన్నిటికన్నా పెద్దది, మనం వెళ్లి, చూసి, అడిగి, కనుక్కుని, వచ్చి అంటూ ఒకే వాక్యంలో ఎన్ని పనులైనా గుచ్చుతాం. తెలుగులో అది వాక్యానికి నడక. ఇంగ్లిష్‌లో అదే చేస్తే కామాలతో అతికించిన రన్ ఆన్ వాక్యం అవుతుంది. డ్రాఫ్టును గట్టిగా చదవండి. ఊపిరి చాలని చోటల్లా ఫుల్‌స్టాప్ పెట్టండి.

కాపీ, ఏఐ

ఇది తేలిగ్గా తీసుకోవద్దు. గైడులో ఉన్నది ఉన్నట్టు బట్టీపట్టి రాస్తే మనకు మార్కులు పడ్డాయి. అక్కడ అదే పని ప్లేజరిజం, అంటే ఇంకొకరి రాతను దొంగిలించడం. ఇంకొకరి మాట ఉన్నదున్నట్టు తీసుకుంటే కొటేషన్ మార్కులు, పేరు, పేజీ నంబరు ఉండాలి. సొంత మాటల్లో రాసినా పేరు చెప్పాలి. వాక్యంలో నాలుగు పదాలు మార్చి పేరు పెట్టేస్తే సరిపోదు, అది కూడా తప్పే. దీనికి నా చిట్కా: చదివిన పేజీ మూసేసి, అందులో ఏముందో ఇంట్లో అమ్మకు చెబుతున్నట్టు తెలుగులో చెప్పుకోండి. తర్వాత ఇంగ్లిష్‌లో రాయండి. మూలంలోని వాక్యం పట్టు వదిలిపోతుంది.

సీనియర్ల డ్రైవ్ ఫోల్డర్ ఒకటి ప్రతి వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. దాని జోలికి పోవద్దు. మీ వ్యాసం ఎవరికీ ఇవ్వొద్దు కూడా. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లో పట్టుబడితే ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ ఇరుక్కుంటారు. ఒక క్లాసుకు మీరే రాసినదాన్ని ఇంకో క్లాసుకు ఇవ్వాలన్నా ముందుగా అడగాలి. టర్నిటిన్ చూపే శాతం ఒక్కటే తీర్పు కాదు. కొటేషన్లు, పుస్తకాల జాబితా కూడా అందులో లెక్కకు రావచ్చు. 18 శాతం అని చూసి రాత్రంతా టెన్షన్ పడకండి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఏఐ పాలసీ ఒక్కో సెక్షన్లో ఒక్కోలా ఉంది. ఒకరు పూర్తిగా వద్దంటారు, ఇంకొకరు ఐడియాల కోసం సరే కానీ వాడినట్టు చెప్పాలంటారు. పక్క సెక్షన్ ఫ్రెండ్ మాట నమ్మకండి, మీ సిలబస్ చూడండి. తెలుగులో రాసి గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేయడం, గ్రామర్లీతో వాక్యాలు తిరగరాయించడం కూడా కొందరి దృష్టిలో అదే కోవ. ఏది సరేనో మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

ఏమీ వాడకపోయినా అనుమానం రావచ్చు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏఐ రాతను పట్టే ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతం పైగా ఏఐ రాసినవిగా తేల్చాయి. అదే ఏడాది జులైలో ఓపెన్ఏఐ తన సొంత డిటెక్టర్‌ను సరిగా పనిచేయట్లేదని ఆపేసింది. కాబట్టి మొదటి వాక్యం నుంచీ గూగుల్ డాక్స్‌లోనే రాయండి, వర్షన్ హిస్టరీ మీ సాక్షి. చేత్తో రాసుకున్న నోట్సు పారేయకండి. ప్రొఫెసర్ పిలిస్తే ఇవన్నీ పట్టుకుని వెళ్లండి. భయపడి చేయనిది ఒప్పుకోవద్దు, గొంతు పెంచొద్దు. ఏదైనా ఫారం మీద సంతకం అడిగితే ఇంటికి తీసుకెళ్లి చదివి ఇస్తానని చెప్పండి. అప్పీల్ ఎలా చేయాలో స్టూడెంట్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది.

కాగితం పైన

ఎంఎల్ఏ ఫార్మాట్ అంటే మన ఎమ్మెల్యే కాదు, మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ పెట్టిన పద్ధతి. డబుల్ స్పేస్, నాలుగు వైపులా ఒక అంగుళం మార్జిన్, చదవడానికి వీలైన ఫాంటు. చాలామంది టైమ్స్ న్యూ రోమన్ 12 అడుగుతారు. పైన కుడివైపు ఇంటిపేరు, పేజీ నంబరు. చివర వర్క్స్ సైటెడ్, అంటే వాడుకున్న రచనల జాబితా, వేరే పేజీలో. సందేహం వస్తే పర్డ్యూ యూనివర్సిటీవాళ్ల ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్ చూడండి, అందరూ దాన్ని ఔల్ అంటారు. అక్కడ లేని ఉదాహరణ అరుదు.

గ్రేడ్ వచ్చాక

ఒక రోజు ఆగండి. తర్వాత కామెంట్లు చదివి, రూబ్రిక్ దగ్గర పెట్టుకుని ఆఫీస్ అవర్స్‌కు, అంటే ప్రొఫెసర్ విద్యార్థులను కలిసే సమయానికి, వెళ్లండి. "రెండు మార్కులు వేయండి ప్లీజ్" అంటే పని జరగదు. "ఎవిడెన్స్ దగ్గర నాకు సి వచ్చింది, మూడో పేరాలో ఏముంటే బి వచ్చేది?" అని అడగండి. రివిజన్ అవకాశం ఉన్నచోట ఇదే మీకు మార్కులు తెచ్చిపెట్టే ప్రశ్న. నా డి ప్లస్ అలాగే బి అయింది, ఆదిమానవుణ్ణి తీసేశాక.

కొన్నిచోట్ల చివరి పని పోర్ట్‌ఫోలియో. వ్యాసాలన్నీ, వాటి డ్రాఫ్టులు, ముందు ఒక ఉత్తరం. ఆ ఉత్తరంలో "ఈ కోర్సు నా జీవితాన్ని మార్చింది" అని రాయకండి. ఫలానా డ్రాఫ్టులో ఫలానా పేరా ఎందుకు తీసేశారో రాయండి. సెమిస్టర్ ముగిశాక చాలా కాలేజీలు కాన్వాస్ పేజీ మూసేస్తాయి. ఫైళ్లు, కామెంట్లు, సిలబస్ అన్నీ ఆ లోపే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ట్రాన్స్‌ఫర్ అయ్యే ఆలోచన ఉంటే సిలబస్ మరీ ముఖ్యం. కొత్త యూనివర్సిటీ క్రెడిట్లు ఒప్పుకునే ముందు దాన్నే అడగొచ్చు.